దొర డేరా, ఊరి అర్జీ

అనంతపురం జిల్లా ఉరవకొండ నియోజకవర్గంలో ఎమ్మెల్యే వారం రోజులు తిరిగితే ఆ తిరుగుడు దాదాపు ఒకే వరుసలో సాగుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి డాక్టరు ఉన్నాడా, పాముకాటు మందు ఉందా అని చూడాలి. హైస్కూల్లో మధ్యాహ్న భోజనం రుచి చూసి, పదో తరగతి పిల్లల్ని రెండు ప్రశ్నలడగాలి. ఒక పూట చేనేత వాళ్లతో, శెనక్కాయల వ్యాపారులతో కూర్చోవాలి. మరో పూట పొదుపు సంఘాల మహిళలతో గడపాలి. అందులోని వజ్రకరూరు మండలంలో అడుగు పెట్టేసరికి ఇవన్నీ ఉంటాయి, వీటికంటే ముందు అర్జీలు ఉంటాయి. కారు తలుపు పూర్తిగా తెరుచుకోకముందే మడతలు పడిన కాగితం ఒకటి లోపలికి వస్తుంది. అందులో ఉండేది పింఛను, పాసుపుస్తకం, బోరు, కాలువ.

ఆ కాగితం వయసు ఓటు వయసు కన్నా ఎక్కువ. పెద్దలు ఈ మిట్టల మీదుగా తిరగడం, ఊరు వాళ్ల ముందు నిలబడి తన కష్టం చెప్పుకోవడం ఇక్కడ కనీసం రెండు వందల ఏళ్లుగా నడుస్తున్న ఆచారం. మొదట్లో వచ్చినవాళ్లంతా పట్టుకుపోవడానికే వచ్చారు. వచ్చినవాడు జవాబు కూడా చెప్పాలని ఊరు అడగగలగడానికి ఒకదాని మీద ఒకటిగా కరువులు దాటాలి, ఒక పత్రికా విలేకరి పుట్టాలి, ఒక రైల్వే గేటు దగ్గర ఒక మనిషి చనిపోవాలి.

పట్టుకుపోయినవాళ్లలో మొదటి లెక్క విజయనగరం నాటిది. 1530లలో ఆ రాజ్యం గురించి రాసిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్, రాయల కింది నాయకుల పద్దులన్నీ పూస గుచ్చినట్టు చెప్పాడు. వాళ్లలో అడపనాయకుడు అనే ఆయన చేతిలో వజ్రాలు దొరికే సీమ ఉండేది. వజ్రాల కింద ఆయన రాజుకు ఏటా 40,000 వరహాలు కట్టాలి. దాని మీద ఇంకో షరతు: 20 మంజాడీల తూకం దాటిన రాయి ఏది దొరికినా నేరుగా రాజు బొక్కసానికి పోవాలి. ఆ సీమ గుత్తి ప్రాంతమనీ, ఆ గనుల్లో వజ్రకరూరువి కూడా ఉండి ఉంటాయనీ తర్వాతి చరిత్రకారులు తలచారు. అప్పటి పర్యటన అంటే తనిఖీయే. చిన్న రాయి నాయకుడిది, పెద్ద రాయి రాజుది. తవ్వినవాడి వాటా ఎంతో నూనిజ్ పద్దుల్లో లేదు.

విజయనగరం పోయాక గుత్తి కోట చేతులు మారుతూ వచ్చింది. మరాఠా సర్దారు మురారిరావు చాలాకాలం ఏలాడు, 1776లో హైదరాలీ పట్టుకున్నాడు, తర్వాత నిజాముకు దక్కింది. నిజాము 1800లో బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. అందుకే ఈ సీమకు దత్తమండలాలని పేరొచ్చింది. ఆ ఏడాదే ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు.

మన్రో వచ్చేనాటికి ఈ నాలుగు దిక్కులా 80 మంది పాళెగాళ్లు ఉన్నారు, వాళ్ల చేతుల్లో 30,000 మంది సాయుధ బంట్లు. పన్ను కట్టాల్సిన రైతుకు ఎవరికి కట్టాలో తెలియదు, కట్టినదానికి రసీదు ఉండదు. మన్రో 1800 నుంచి 1807 దాకా ఎక్కువ కాలం డేరాల్లోనే బతికాడు. ఊరికి దగ్గరలో డేరా వేయడం, రెడ్డినీ కరణాన్నీ పిలిపించడం, పొలం పొలానికీ కొలత వేయించడం, రైతు పేరునే పట్టా రాయించడం ఆయన పని. జమీందారు మధ్యలో లేకుండా ప్రతి రైతూ సర్కారుతో నేరుగా లెక్క చూసుకునే ఈ పద్ధతే రైత్వారీ.

ఈ లెక్క ఏటా జరిగేది. దాని పేరు జమాబందీ. పంటలు ఇంటికి చేరాక కలెక్టరో ఆయన కింది అధికారో తాలూకాకు వచ్చి మకాం వేస్తాడు. ఊరి కరణాలు గుడ్డల్లో చుట్టిన లెక్కల కట్టలు భుజాన వేసుకుని వస్తారు. ఏ చేను పండింది, ఏది బీడు పడింది, ఏది సావి పోయింది అన్నవన్నీ చదివి వినిపిస్తారు. ఆ తర్వాత రైతుల వంతు. వానలు మొహం చాటేసిన ఏడు పన్ను తగ్గించమని, చెరువు గట్టు తెగింది కాబట్టి తరిపన్ను తీసేయమని, కరణం తన చేను పక్కవాడి పేర రాశాడని అర్జీలు పెడతారు. వీటిలో కొన్ని అక్కడికక్కడే తేలేవి, కొన్ని కట్టల్లోనే మగ్గేవి. కానీ ఒక అలవాటు మాత్రం నిలబడింది. పెద్దాయన మన ఊరికి వచ్చిన రోజే మన మాట చెప్పుకోవాలి. ఆ రోజు పోతే మళ్లీ ఏడాదే.

తిరిగి చూసినందుకు మన్రోకూ ఒక సంగతి బోధపడింది. తాను వేయించిన పన్ను ఈ నేల మోయలేనిదని ఆయనే గ్రహించాడు. 1807లో ఉద్యోగం విడిచి స్వదేశం పోయేముందు పన్నును 25 శాతం తగ్గించాలని సిఫారసు చేశాడు. పైవాళ్లు పట్టించుకోలేదు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాక గాని ఆ తగ్గింపు అమల్లోకి రాలేదు. పదమూడేళ్లు పెండింగులో పడిన ఆ కాగితాన్ని దత్తమండలాల తొలి పెద్ద అర్జీ అనొచ్చు. దాన్ని పెట్టుకున్నది ఒక కలెక్టరు, మంజూరు చేసినదీ ఆయనే. జనం మన్రోను ఎంతగా తలచుకున్నారంటే, ఈ ప్రాంతంలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లున్నాయి.

ఆయన చివరి యాత్ర కూడా ఇటువైపే. 1827లో పదవి దిగిపోయేముందు దత్తమండలాల జనాన్ని ఒకసారి చూసి పోవాలని బయల్దేరాడు. దారిలో కలరా ఎదురైంది. గుత్తి దాటి పత్తికొండ చేరిన మకాంలో జులై 6న ఉదయం జబ్బు పడి, రాత్రికల్లా చనిపోయాడు. గుత్తి కోట కొండ కింద పాతిపెట్టి, కొన్నేళ్లకు అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. గవర్నరే కలరా నుంచి తప్పించుకోలేని కాలం అది. వజ్రకరూరు లాంటి ఊళ్లో కలరా వస్తే ఊరమ్మకు మొక్కడం, ఊరు విడిచి పొలాల్లో గుడిసెలు వేసుకోవడం తప్ప దారి లేదు. తనిఖీ చేయడానికి ఆసుపత్రి అనేది ఉంటేగా.

బడులు మాత్రం ఉండేవి. మద్రాసు రాజధానిలో బడులెన్ని, చదివేవాళ్లెందరు అని లెక్క తీయించింది గవర్నరు మన్రోయే, 1822లో. అప్పుడు ఈ ప్రాంతమంతా బళ్లారి జిల్లాలో భాగం. అక్కడి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక నేటికీ చదవదగింది. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదువుకునే పిల్లలు 6,641 మంది. వాళ్లలో ఆడపిల్లలు 60 మంది. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235 ఉన్నాయి. ఇంగ్లీషు బడి ఒక్కటే.

క్యాంప్‌బెల్ అంకెలతో ఆగలేదు. వీధిబడి ఉదయం ఎలా మొదలవుతుందో దగ్గరుండి చూసినట్టు రాశాడు. అందరికంటే ముందు వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్నా చుడతారు, మెచ్చుకోలూ లేదు, దండనా లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాడికి వరసగా ఒక్కో దెబ్బ ఎక్కువ. అక్షరాలు ఇసుకలో దిద్దుతారు. ముందు నేర్చినవాడు వెనకవాడికి నేర్పుతాడు. ఈ పద్ధతి అప్పటికే ఇంగ్లండు బడులకు పాకిందని కూడా ఆ కలెక్టరు గుర్తుచేశాడు.

ఆ నివేదికలో బరువైన భాగం ఇంకోటుంది. బడులు తగ్గిపోతున్నాయని, కారణం జనం పేదరికమని క్యాంప్‌బెల్ నిక్కచ్చిగా చెప్పాడు. ఇంగ్లండు బట్ట దిగి ఇక్కడి మగ్గం దెబ్బతినడం, సైన్యాలూ దర్బారులూ పోయి ఖర్చు పెట్టే చేతులు తగ్గడం, దేశపు సొమ్ము బయటికి తరలిపోవడం ఆయన లెక్కపెట్టిన కారణాల్లో ఉన్నాయి. పిల్లాణ్ని బడికి పంపడం మాని, ఏదో ఒక కూలి చేయగలిగిన వయసు రాగానే పనిలో పెడుతున్నారన్నాడు. ఒక కంపెనీ కలెక్టరు రాసిన మాటలివి. బడిని చూడబోయినవాడు బడి గోడ దగ్గర ఆగకుండా ఇంటి పొయ్యి దాకా చూడగలిగాడు. ఇవాళ కూడా ఈ మండలంలో పిల్లలు బడి మానడానికి కారణం వెతికితే బెంగళూరుకు వలస పోయిన ఇళ్ల తాళాలే కనిపిస్తాయి.

ఇక వ్యాపారం సంగతి. వజ్రకరూరుకు వ్యాపారమంటే వాన. తొలకరి జల్లుకు ఎర్రనేల పైపొర కొట్టుకుపోతే రాళ్లు తేలతాయి, వాటిలో ఎప్పుడో ఒకటి మెరుస్తుంది. 1881లో ఇక్కడ 67 క్యారెట్ల పైచిలుకు రాయి దొరికింది. దాన్ని మద్రాసులోని పి. ఓర్ అండ్ సన్స్ అనే నగల, గడియారాల కంపెనీ కొనుక్కుని సాన పట్టించింది. సాన పట్టాక 24 క్యారెట్ల పైన తూగిన ఆ రాయికి గోర్-దో-నార్ అని పేరు పెట్టారు. అప్పటికి పదేళ్ల క్రితమే దక్షిణాఫ్రికాలో కింబర్లీ గనులు బయటపడి ప్రపంచమంతా వజ్రాల పిచ్చి పట్టింది. కింబర్లీలో ఉన్నట్టే వజ్రకరూరులోనూ నీలి రంగు రాతినేల ఉందని తేలేసరికి దొరలు దిగారు. బావులు తవ్వి, రాయి పగలగొట్టి, కడిగి చూశారు. ఆ రాతిలో వాళ్లు ఆశించినది దొరకలేదు, మూటలు కట్టుకుని పోయారు.

ఆ నీలి నేల కింబర్లైట్ అనే శిల. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట భూగర్భం నుంచి గొట్టంలా పైకి తన్నుకొచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత భారత భూగర్భ సర్వే సంస్థ వజ్రకరూరు, లత్తవరం, చిగిచెర్ల చుట్టుపక్కల ఇలాంటి గొట్టాలు మరెన్నో గుర్తించి, వజ్రకరూరులోనే శిబిరం పెట్టి శిలలు శుద్ధి చేసి పరిశీలించింది. అయినా ఊరికి డబ్బు తెచ్చిపెట్టే వజ్రం నేటికీ గొట్టంలోంచి రావడంలేదు. పొలంలో కూలికి పోయినవాళ్లకో, జూన్‌లో పిల్లాజెల్లాతో వచ్చి చెట్టు కింద మకాం పెట్టినవాళ్లకో కాలి కింద దొరుకుతుంది. కొనేవాళ్లు గుత్తి, గుంతకల్లు, జొన్నగిరి వైపు నుంచి వస్తారు. కొంత రొక్కం, కొన్ని తులాల బంగారం, గుట్టుగా బేరం. అధికారుల ముందుకు కాగితం రాని వ్యాపారం ఈ మండలంలో ఇదొక్కటే. వజ్రం దొరికినవాడు అర్జీ పెట్టడు, దొరకనివాడు పెట్టాల్సిన పని లేదు.

రాళ్లు ఎవరికో ఒకరికి దొరుకుతాయి. కరువు మాత్రం అందరికీ దొరుకుతుంది. 1876–78 నాటి ధాతు కరువు దత్తమండలాలను తుడిచిపెట్టినంత పని చేసింది. అప్పుడు వచ్చిన పెద్ద మనిషి సర్ రిచర్డ్ టెంపుల్. వైస్రాయి ప్రతినిధిగా మద్రాసు రాజధాని అంతా సుడిగాలిలా చుట్టి, సహాయ పనుల్లో రాళ్లు కొట్టే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని తేల్చాడు. ఆ కూలి మనిషి ప్రాణానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ గట్టిగా వాదించాడు. తిరిగి చూసినంత మాత్రాన కనబడాల్సింది కనబడుతుందన్న పూచీ లేదని టెంపుల్ యాత్ర రుజువు చేసింది.

కరువు తర్వాత పాలన యంత్రం కొంత దిగివచ్చింది. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పరచారు. వజ్రకరూరు గుత్తి తాలూకాలో ఉండేది. 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టంతో జిల్లా బోర్డు, తాలూకా బోర్డు వచ్చాయి. రోడ్లు, సత్రాలు, బావులు, పల్లె బడులు, చిన్న ఆసుపత్రులు వీటి చేతికి వచ్చాయి. మొదట్లో అధ్యక్షుడు కలెక్టరే, సభ్యులు సర్కారు ఏరిన పెద్దమనుషులు. అయినా బడి, ఆసుపత్రి, సంత అనే మూడింటినీ చూసిరావడం ఒక బాధ్యతగా రాతకోతల్లోకి ఎక్కింది అప్పుడే. ఇవాళ్టి పర్యటన వరుస ఆ బోర్డుల పద్దుల వరుసే.

ఆ బోర్డుల కాలంలోనే గుత్తిలో ఒక కొత్తరకం పెద్దమనిషి తయారయ్యాడు. పట్టు కేశవపిళ్లె 1860లో పుట్టాడు. తమిళ కుటుంబం. గుత్తిలో వకీలుగా స్థిరపడి ‘ది హిందూ’ పత్రికకు విలేకరిగా రాశాడు. 1885లో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెస్ సభకు గుత్తి నుంచి వెళ్లాడు. తాలూకా కచ్చేరీలో ఇరుక్కుపోయే రైతు అర్జీకి అచ్చులో చోటు దొరకడం ఆయనతో మొదలైంది. అడవి శాఖ గార్డు మేకను పట్టుకున్నా, ఆకు ఎరువు కోసం కొమ్మ కొట్టిన రైతుకు జరిమానా వేసినా అది మద్రాసులో వార్త అయ్యేది.

1893 అక్టోబరులో వజ్రకరూరుకు పొరుగున ఉన్న గుంతకల్లు దగ్గర ఒక ఘోరం జరిగింది. తెల్ల సైనికులు కొందరు ఇద్దరు ఆడవాళ్ల వెంటబడ్డారు. వాళ్లు రైల్వే గేటు దగ్గరికి పరుగెత్తారు. గేట్‌మన్ హంపన్న వాళ్లను లోపల దాచి అడ్డం నిలబడ్డాడు. సైనికుడు కాల్చాడు, హంపన్న చనిపోయాడు. కేసు మద్రాసు హైకోర్టు దాకా పోయి, కాల్చినవాడు నిర్దోషిగా బయటికొచ్చాడు. కేశవపిళ్లె ఈ కేసును వదల్లేదు. పత్రికల్లో రాశాడు, నలుగురినీ కూడగట్టాడు. చందాలతో హంపన్నకు గుంతకల్లులో స్మారకం లేచింది. ఒక గేట్‌మన్ చావుకు సర్కారును నిలదీయొచ్చునని ఈ ప్రాంతం అప్పుడు తెలుసుకుంది.

1909 సంస్కరణల తర్వాత కేశవపిళ్లె మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టాడు. ఇప్పటి అర్థంలో ఓటర్లు లేరు. స్థానిక బోర్డుల, మునిసిపాలిటీల సభ్యులే ఎన్నుకునేవాళ్లు. అడవి చట్టం వల్ల రైతులు పడే బాధలపై ప్రభుత్వం వేసిన కమిటీలో ఆయన సభ్యుడు. 1912–13లో ఆ కమిటీ జిల్లాలు తిరిగి ఊళ్లలో సాక్ష్యాలు తీసుకుంది. ఊరి పక్క అడవిని ఊరి పంచాయతీకే అప్పగించాలన్న ఆలోచన అక్కడి నుంచి బలపడి, తర్వాత మద్రాసు రాజధానిలో అడవి పంచాయతీలు వచ్చాయి. పర్యటన మొదలుపెట్టినవాళ్లు, అది ముగిశాక చట్టమో ఉత్తర్వో మారేలా చూడటం ఈ ప్రాంతం ఎరిగిన కొత్త సంగతి.

1920 ఎన్నికల నాటికి ఏడాదికి పది రూపాయల భూమిశిస్తు కట్టే రైతుకు ఓటొచ్చింది. కొత్త మండలిలో కేశవపిళ్లె 1923 దాకా ఉపాధ్యక్షుడు. ఆ మధ్యలో, 1922లో, ఆయన చేసిన ఒక ప్రయాణం అనంతపురం జిల్లా చరిత్రలో అరుదైనది. చెరకు తోటల్లో భారతీయ కూలీలు ఎలా ఉన్నారో చూసి రమ్మని ప్రభుత్వం పంపగా, వెంకటేశ్ నారాయణ్ తివారీతో కలిసి దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాకు వెళ్లాడు. గుత్తి వకీలు అక్కడి తోటల్లో కూలీల లైన్లు, మురుగు కాలువలు, ఆసుపత్రులు, బడులు తిరిగి చూసి నివేదిక రాశాడు. తోటల యజమానులకు రుచించని విషయాలు అందులో చాలా ఉన్నాయి. దత్తమండలాల్లో నేర్చిన చూపు గయానాలో పనికొచ్చింది. 1933లో కేశవపిళ్లె కన్నుమూశాడు.

ఈలోగా దత్తమండలాల పేరు కూడా మారింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అనే పేరు నిలిచిపోయింది. అనంతపురంలో 1916 నుంచే కాలేజీ నడుస్తోంది. 1926లో అక్కడే పప్పూరు రామాచార్యులు ‘శ్రీ సాధన’ పత్రిక పెట్టాడు. ఇక నాయకుడు ఏ ఊరికి వచ్చాడు, ఏం చెప్పాడు, ఏం చేయలేదు అన్నది తెలుగులో చదివే వీలు వచ్చింది.

అందరికీ ఓటు వచ్చాక జరిగిన తొలి ఎన్నిక అనంతపురం జిల్లాలో పెద్ద కుదుపు. 1952లో నీలం సంజీవరెడ్డిని కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి ఓడించాడు. ఇద్దరూ దగ్గరి చుట్టాలు, సంజీవరెడ్డి భార్య నాగిరెడ్డికి తోబుట్టువు. నాగిరెడ్డి ఊళ్లు తిరిగి ఓట్లడిగే వీలే లేదు, ఆయన జైల్లో ఉన్నాడు. అప్పుడు రాయలసీమలో మళ్లీ కరువు, గంజి కేంద్రాల ముందు వరుసలు. అలా మనిషి కనబడకుండానే గెలిచిన నాగిరెడ్డే, అసెంబ్లీలో కూర్చుని రైతుకు చేయగలిగింది లేదని 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి వచ్చేశాడు. ఓడిన సంజీవరెడ్డి 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి అయ్యాడు.

ఆ తర్వాత పర్యటన తీరును మార్చినవి ఎక్కువగా పాలనా మార్పులే. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాలు, మునసబుల వ్యవస్థను రద్దు చేసింది. జమాబందీలో కట్టలు విప్పే చేతులు ఒక్కసారిగా పోయాయి. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి, వజ్రకరూరు మండల కేంద్రమైంది. తాలూకా కచ్చేరీ కోసం చేసే ప్రయాణం తగ్గింది. 1995లో ‘ప్రజల వద్దకు పాలన’, 1997లో ‘జన్మభూమి’ వచ్చాక అధికారులంతా ఒకేసారి ఊళ్లోకి దిగి బల్లలు వేసుకుని కూర్చునే పద్ధతి వచ్చింది. తర్వాత ‘రచ్చబండ’. 2019లో గ్రామ సచివాలయాలు. 2022 మేలో ‘గడప గడపకు మన ప్రభుత్వం’ పేరుతో ఎమ్మెల్యేలు ఇల్లిల్లూ ఎక్కాల్సి వచ్చింది. 2025 జులైలో కొత్త ప్రభుత్వం ‘సుపరిపాలనలో తొలి అడుగు’ అంటూ మళ్లీ ఇంటింటి బాటే పట్టింది. పార్టీ మారినా నడిచే దారి మారలేదు.

ఉరవకొండకు ఇందులో ఒక ప్రత్యేకత ఉంది. 1999 నుంచి 2019 దాకా ఇక్కడ గెలిచిన పార్టీ రాష్ట్రంలో ఓడిపోతూ వచ్చింది. 1999లో ఇక్కడ కాంగ్రెస్, రాష్ట్రంలో తెలుగుదేశం. 2004, 2009ల్లో తెలుగుదేశం తరఫున పయ్యావుల కేశవ్ గెలిస్తే రాష్ట్రంలో కాంగ్రెస్ వచ్చింది. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి విశ్వేశ్వరరెడ్డి గెలిస్తే రాష్ట్రం తెలుగుదేశానిది. 2019లో కేశవ్ గెలిచాడు, రాష్ట్రం వైఎస్సార్ కాంగ్రెస్‌ది. పాతికేళ్లపాటు ఈ నియోజకవర్గపు ఎమ్మెల్యే ప్రతిపక్షంలోనే ఉన్నాడు. ఊరు ఆయన చేతికి అర్జీ ఇచ్చేది, ఆయన దాన్ని పట్టుకుని అధికారి గది ముందు నిలబడాల్సి వచ్చేది. ఉరవకొండ గెలిస్తే రాష్ట్రం పోతుందని రాష్ట్రమంతటా ఒక సెంటిమెంటుగా చెప్పుకున్నారు. 2024లో అది తెగింది. కేశవ్ మళ్లీ గెలిచి, ఆర్థిక మంత్రి అయ్యాడు. అర్జీ మోసినవాడే బడ్జెట్ చదివే చోటుకు చేరాడు కాబట్టి ఊళ్ల ఆశలూ ఆ మేరకు పెరిగాయి.

ఇప్పుడు బడికి వెళ్లే రోజు కొత్త రూపు తీసుకుంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేసారి తల్లిదండ్రులతో మెగా సమావేశాలు జరిపారు. ఎమ్మెల్యేలు, మంత్రులు కూడా బల్లల మీద కూర్చున్నారు. పిల్లాడి మార్కుల కాగితం తల్లి చేతిలో, సున్నా చుట్టిన అరచేయి లేదు. వ్యాపార వర్గం అంటే శెట్లు, మండీల వాళ్లే అన్న లెక్క కూడా మారింది. 2024 జనవరి 23న పొదుపు సంఘాల ‘ఆసరా’ నాలుగో విడతను అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఉరవకొండ నుంచే మొదలుపెట్టాడు. శెనక్కాయలు కొనే మండీ కన్నా అప్పు తీసుకుని తీర్చే సంఘం ఇప్పుడు ఏ పార్టీకైనా పెద్ద సభ.

ఆరోగ్యం విషయంలో ఈ జిల్లాకు సర్కారుకు తోడు ఇంకో చేయి ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కళ్యాణదుర్గం, కణేకల్లు, బత్తలపల్లిల్లో ఆసుపత్రులు నడిపింది. పీహెచ్‌సీలో డాక్టరు లేడని ఫిర్యాదు చేసే రైతు, అదే నోటితో ఆ ఆసుపత్రికి పోయివచ్చిన బస్సు చార్జీ కూడా చెబుతాడు. ఆ లెక్కే అసలు తనిఖీ.

అయితే ఈ మూడు రకాల సందర్శనల్లోనూ మాట చివరికి నీళ్ల దగ్గరికే మళ్లుతుంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లా ఇది. తుంగభద్ర ఎగువ కాలువ ఉరవకొండ వైపు వచ్చినా వజ్రకరూరు మిట్టలకు అందలేదు. కృష్ణా నీళ్లను శ్రీశైలం నుంచి ఎత్తిపోసే హంద్రీనీవా 2012లో ఇటు చేరింది. మండలంలోని రాగులపాడు దగ్గర పంపులు నీళ్లను ఎత్తి జీడిపల్లి రిజర్వాయరు వైపు పంపుతాయి. ప్రధాన కాలువ నిండుగా పారిన ఏళ్లలో కూడా దాని నుంచి చేలకు చీలాల్సిన పిల్లకాలువల పనులు ఏళ్ల తరబడి సగంలో ఆగిపోయాయి. కాలువ గట్టున ఆయిల్ ఇంజను పెట్టి పైపులతో నీళ్లు తోడుకున్న రైతులున్నారు.

మన్రో నాటి రైతు తన సర్వే నంబరు కరణం నోటి నుంచి విన్నాడు. ఈనాటి రైతుకు గుత్తేదారు ఒప్పందాల నంబర్లు కూడా నోటికి వచ్చు. ఎమ్మెల్యే బడి వరండాలో కూర్చున్నా, ఆసుపత్రి గేటు దగ్గర నిలబడినా, వెనక నుంచి ఎవరో ఒకరు అడిగేది ఒకటే: ముప్పై ఆరో ప్యాకేజీ ఎంతవరకు వచ్చింది సార్, మా చేను కాడికి పిల్లకాలువ ఏ నెలలో?